పాట వెనక గది

బిగ్ థీఫ్ అనే అమెరికా బ్యాండు 2022 ఫిబ్రవరిలో ఒక ఆల్బమ్ విడుదల చేసింది. పేరు బాగా పొడుగు: ‘డ్రాగన్ న్యూ వార్మ్ మౌంటెన్ ఐ బిలీవ్ ఇన్ యూ’. అందులో ‘సర్టెన్టీ’ అనే పాట రికార్డు చేసేనాటికి వాళ్ళకి కరెంటు లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్స్‌కిల్ కొండల దగ్గర దిగారు, కరెంటు పోయింది, ఎంతకీ రాలేదు. వానాకాలంలో మా భద్రాచలం దగ్గర చర్ల, దుమ్ముగూడెం వైపు ఏ ఇంట్లోనైనా జరిగేదే. వాళ్ళు చేసిన పని చూడండి. నాలుగు ట్రాకుల టేపు మిషను ఒకటి బయటికి తీసి, పికప్ ట్రక్కులో సిగరెట్ లైటరు పెట్టే సాకెట్‌కి దాని వైరు తగిలించి, ఇంటి ముందు వసారాలో పాడేశారు.

నాలుగు ట్రాకులంటే టేపు వెడల్పుని నాలుగు సన్నని పట్టీలుగా పంచుకోవడం. ఒక్కో పట్టీ మీద ఒక్కో ధ్వని నిలుస్తుంది. ఇవాళ ఖమ్మంలో ఏ చిన్న స్టూడియోకి వెళ్ళినా కంప్యూటర్లో వంద పట్టీలు తెరుచుకోవచ్చు, డ్రమ్ములకే పదో పన్నెండో ఇచ్చెయ్యొచ్చు. నాలుగే ఉన్నప్పుడు లెక్క మారిపోతుంది. ఇద్దరు ఒకే మైకు ముందు నిలబడాలి. ఎవరి గొంతు పైకి రావాలో తరవాత మీట తిప్పి సర్దుకోవడం కుదరదు కాబట్టి, పాడుతుండగానే ఒకరు అరడుగు వెనక్కి జరగాలి. గిటారు మరీ మోగితే వాయించేవాడి చెయ్యే తగ్గాలి. అంటే మిక్సింగు అనే పని అంతా పాడేవాళ్ళ ఒళ్ళలోకి, కాళ్ళలోకి వచ్చేస్తుంది. ‘సర్టెన్టీ’ వింటుంటే గొంతులూ గిటార్లూ వాటి చుట్టూ ఉన్న గాలీ ఒకే ముద్దగా వినిపించేది అందుకే. నా దృష్టిలో ఆ ఆల్బమ్‌లోని ఇరవై పాటల్లో దీనికన్నా గొప్పగా రాసినవి ఉన్నాయి గానీ, దీనికన్నా బాగా రికార్డు చేసినది లేదు.

ఇండీ రాక్ అనే మాటకి గట్టి నిర్వచనం లేదు. పెద్ద కంపెనీల పెత్తనం కింద కాకుండా చిన్న లేబుళ్ళ మీద, గిటారు, బేసు, డ్రమ్ముల చుట్టూ సొంతంగా రాసుకుని పాడుకునేవాళ్ళ సంగీతం అనుకుంటే మనకి సరిపోతుంది. సినిమా పాట మీద పెరిగిన మన చెవికి ఇది మొదట్లో సగం చేసి వదిలేసినట్టు అనిపిస్తుంది. సినిమా పాటలో గొంతు అన్నిటికన్నా ముందుంటుంది, ప్రతి ఖాళీలోనూ ఒక వాయిద్యం పలుకుతుంది, ఊపిరి పీల్చిన చప్పుడు కూడా తుడిచేస్తారు. ఇక్కడ ఊపిరి ఉంటుంది, కుర్చీ కిర్రుమంటుంది, తీగ మీద వేలు జారిన గీత వినిపిస్తుంది. ఇదంతా అజాగ్రత్త అనుకుంటే పొరపాటు. ఈ ఆల్బమ్‌లలో మేలైనవి పాడిన గదిని కూడా ఒక వాయిద్యంగా వాయించాయని నా నమ్మకం. దాని వెనక చాలా ఓపిక, చాలా లెక్క ఉన్నాయి.

ముందు గది ఎలా పలుకుతుందో చూద్దాం. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. పాడే మనిషికి మూడు మీటర్ల దూరంలో గోడ ఉందనుకుంటే, గొంతు ఆ గోడకి తగిలి తిరిగొచ్చేసరికి ఆరు మీటర్ల ప్రయాణం. సెకనుని వెయ్యి భాగాలు చేస్తే అందులో సుమారు 18 భాగాల వ్యవధి. అంత త్వరగా వచ్చినదాన్ని చెవి వేరే శబ్దంగా లెక్కపెట్టదు. అసలు గొంతులోనే కలిపేసుకుని, ఈ గొంతు నిండుగా ఉందే అనుకుంటుంది. అదే సెకనులో పదో వంతు దాటాక వస్తే విడిగా వినిపిస్తుంది. పాపికొండల మధ్య లాంచీ హారన్ కొడితే కొండ తిరిగి పలికేది ఆ లెక్కనే. ఈ రెండింటికీ మధ్యనున్న కొద్దిపాటి జాగాలోనే ఒక గది స్వభావం అంతా ఉంటుంది. తాటాకు పాకలో పాడితే పైకప్పు శబ్దాన్ని తాగేస్తుంది, గొంతు పొడిగా, చెవి పక్కనే ఉన్నట్టుంటుంది. సిమెంటు గోడల కమ్యూనిటీ హాల్లో పాడితే మాటలు ఒకదాని మీద ఒకటి పడి నలుగుతాయి. చెక్క గది ఈ రెంటికీ మధ్యస్తం. పలచటి చెక్క గోడ మంద్రస్వరాలకి తానూ కాస్త కంపించి వాటిని కొంత మింగుతుంది, తారస్వరాల్ని మెత్తగా తిప్పి పంపుతుంది.

చెక్క గదిలో చేసిన ఆల్బమ్ అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది ‘సాంగ్స్’. బిగ్ థీఫ్‌లో పాడే ఎడ్రియన్ లెంకర్ ఒంటరిగా చేసినది, 2020 అక్టోబరులో వచ్చింది. ఆ ఏడాది మార్చిలో కోవిడ్ వల్ల బ్యాండు యూరప్ పర్యటన మధ్యలోనే ఆగిపోతే, ఆమె మసాచుసెట్స్ పడమటి భాగంలో అడవిలోని ఒంటిగది చెక్క ఇంట్లో ఉండిపోయింది. ఫిలిప్ వైన్‌రోబ్ అనే ఇంజినీరు టేపు మిషన్లు, కేబుళ్ళ చుట్టలు, మనిషి తల ఆకారంలో ఉండే ఒక మైకు మోసుకుని అక్కడికి వెళ్ళాడు. పాటల్లో చాలా భాగం అక్కడ ఉండగానే పుట్టినవి.

ఆ తల మైకు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. బొమ్మ తలకి రెండు చెవి డొప్పలుంటాయి, లోపల చెవికొకటి చొప్పున రెండు మైకులుంటాయి. ఎడమ పక్క నుంచి శబ్దం వస్తే అది ఎడమ చెవికి ముందు చేరుతుంది, తలని చుట్టి కుడి చెవికి చేరేసరికి సెకనులో వెయ్యో వంతులో సగానికి కాస్త పైచిలుకు ఆలస్యమవుతుంది. తల అడ్డు పడటంతో కుడి చెవిలో తారస్వరాలు తగ్గుతాయి. చెవి డొప్ప మడతలు శబ్దం ముందు నుంచి వచ్చిందా వెనక నుంచి వచ్చిందా అన్న తేడాని చిన్న చిన్న మార్పులుగా దాని మీద రాస్తాయి. మన మెదడు పుట్టినప్పటి నుంచీ ఈ మూడిటినీ చదువుకుంటూనే ఉంది. బొమ్మ తల వాటిని పట్టి టేపు మీద పెడుతుంది, ఇయర్‌ఫోన్లలో వింటే గది గదిగానే తిరిగి లేస్తుంది. స్పీకర్లలో పెడితే ఈ పని సగం చెడిపోతుంది, ఎందుకంటే ఎడమ స్పీకరు శబ్దం కుడి చెవికీ పోతుంది. కాబట్టి ఈ ఆల్బమ్‌ని మాత్రం ఇయర్‌ఫోన్లతో వినమని చెప్తాను, అవి ఎంత చవకవైనా సరే.

‘ఎనీథింగ్’ అనే పాటలో గిటారు చూడండి. బొటనవేలు మందపు తీగల మీద ఒకదాని తరవాత ఒకటి ఆగకుండా నడుస్తుంది. మిగతా వేళ్ళు సన్నపు తీగల మీద ఆ నడకకి సందుల్లో పడుతుంటాయి. రెండు గతులూ ఒకే చేతివి, అయినా ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది. డ్రమ్ములు లేవు, కావలసిన తాళమంతా ఆ బొటనవేల్లోనే ఉంది. ‘కమ్’ అనే పాటలో వాన వినిపిస్తుంది. వాన చప్పుడులో అన్ని స్వరాలూ కలిసి ఉంటాయి. దాన్ని కాస్త ఎక్కువ పెడితే మాటల్లో స, శ, త లాంటి హల్లులు దాని కింద కొట్టుకుపోతాయి, మరీ తక్కువ పెడితే టేపు మిషను పాడైందనుకుంటాం. ఇక్కడ అది గొంతు వెనక ఒక అడుగు దూరంలో నిలబడి ఉంటుంది. ‘జాంబీ గర్ల్’లో పిట్టలు కూస్తాయి. కిటికీ మూసేస్తే అవి పోయేవి. మూయకపోవడం ఒక నిర్ణయం.

టేపు గురించీ ఒక మాట. ప్లాస్టిక్ రిబ్బను మీద ఇనుప ఆక్సైడు పొడి పూసి ఉంటుంది. మైకు నుంచి వచ్చిన విద్యుత్తు ఒక చిన్న అయస్కాంతాన్ని ఆడిస్తే, దాని ముందు నుంచి జారిపోతున్న పొడిలో ఆ ఆట ముద్ర పడుతుంది. శబ్దం పెరిగేకొద్దీ ముద్ర లోతవుతుంది గానీ ఒక హద్దు వరకే. పొడి పూర్తిగా అయస్కాంతమయ్యాక ఇంకా గట్టిగా పాడినా అది తీసుకోదు, ఆ శిఖరాన్ని కొద్దిగా గుండ్రంగా చేసి వదిలేస్తుంది. కంప్యూటరు అలా కాదు, హద్దు దాటితే అక్కడికక్కడే నరికేస్తుంది, చెవికి గరుకు తగులుతుంది. గొంతు ఒక్కసారిగా పైకి లేచినచోట ఈ గుండ్రదనం గొప్ప మేలు చేస్తుంది. ‘సాంగ్స్’ని రికార్డింగు, మిక్సింగు, చివరి ముద్ర అన్నీ టేపు మీదే చేశారు, మధ్యలో ఎక్కడా కంప్యూటరుని రానివ్వలేదు. దానికి జంటగా వచ్చిన ‘ఇన్‌స్ట్రుమెంటల్స్’లో రెండే వాయిద్య ఖండికలు. మొదటిది, విడి విడిగా వాయించిన గిటారు ముక్కలని కలిపి కుట్టినది, నాకు చాలా ఇష్టం. రెండోదాంట్లో గాలిగంటలు చాలాసేపు మోగుతాయి. అది ఇంట్లో ఉంటే బాగుంటుంది, ఆల్బమ్‌లో అంత అవసరం కాదు.

అడవిలో ఒంటరి గది అనే ఈ వరసకి మూలపురుషుడు జస్టిన్ వెర్నన్. బ్యాండు విడిపోయి, జబ్బుపడి, 2006–07 చలికాలంలో విస్కాన్సిన్ అడవిలో వాళ్ళ నాన్న వేట కోసం కట్టుకున్న గుడిసెకి వెళ్ళి, అక్కడ బాన్ ఐవర్ పేరుతో ‘ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో’ చేశాడు. 2007లో సొంతంగా వేసుకున్నాడు, 2008లో జాగ్‌జాగ్వార్ అనే లేబుల్ దాన్ని లోకానికి అందించింది. ఈ కథ ఎన్నోసార్లు చెప్పి చెప్పి అరిగిపోయింది, చలి, ఒంటరితనం, విరహం అంటూ. నాకు ఆసక్తి ఆ గొంతు కట్టడంలో.

అతను తన సన్నని దొంగగొంతుతో ఒక వరస పాడాడు. దాని మీద అదే వరస మళ్ళీ పాడాడు, ఆ పైన ఇంకోసారి, ఆ పైన పక్క స్వరంలో. ఒకే మనిషి ఒకే వరస రెండుసార్లు పాడితే రెండూ అచ్చంగా కలవవు. శ్రుతిలో వెంట్రుకవాసి తేడా వస్తుంది, మాట ఎత్తుకోవడంలో రెప్పపాటు తేడా వస్తుంది. ఆ తేడాలే గొంతుకి వెడల్పునిస్తాయి. పాడినదాన్నే కాపీ కొట్టి పక్కన పెడితే శబ్దం పెరుగుతుందే తప్ప వెడల్పు రాదు. అంటే ఇక్కడ కష్టానికి అడ్డదారి లేదు, పాడి తీరాలి. ‘ది వుల్వ్స్’ చివర్లో ఈ పొరలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఒక ఊరు ఊరంతా పాడుతున్నట్టు అవుతుంది. మాటలు కూడా అతను ముందు రాసుకోలేదు. ముందు అర్థంలేని అచ్చులతో వరస పాడుకుని, ఆ అచ్చులు ఏ మాటల్లా వినిపిస్తున్నాయో వెతుక్కుంటూ రాశాడు. మాటలు నోటికి అంత సులువుగా ఒదిగినట్టుండటానికి కారణం అదే, అర్థం కొన్నిచోట్ల జారిపోవడానికీ అదే కారణం.

తరవాత తొమ్మిదేళ్ళకి, 2016లో, ‘22, ఎ మిలియన్’ ఆల్బమ్‌లో ఇదే పనికి యంత్రం పెట్టాడు. క్రిస్ మెస్సినా అనే ఇంజినీరు తయారుచేసిన ఏర్పాటది, పేరు కూడా మెస్సినానే. మైకులో ఒక గొంతు పాడుతుంటే, కీబోర్డు మీద నొక్కిన మెట్లని బట్టి అదే గొంతు అన్ని స్వరాల్లోనూ అప్పటికప్పుడు విడిపోతుంది. ‘715 క్రీక్స్’ పాటలో ఇది తప్ప ఇంకే వాయిద్యం లేదు. చేత్తో పేర్చిన పొరల్లోని తేడాలు ఇందులో ఉండవు, అన్ని గొంతులూ ఒకే క్షణంలో ఊపిరి తీస్తాయి, ఒకే క్షణంలో వణుకుతాయి. దానివల్ల వచ్చే బిగువు వేరు, మొత్తం గుంపుకీ ఒకే గొంతు బిగుసుకున్నట్టు ఉంటుంది. యంత్రం అని తీసిపారెయ్యడానికి వీల్లేదు. మనిషి గొంతు ఎక్కడ వణికితే యంత్రం అక్కడే వణికేలా కట్టడం చిన్న పని కాదు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ‘సేబుల్, ఫేబుల్’లో మాత్రం నా ఓటు మొదటి భాగానికే. అక్కడ పాటలు దాదాపు గిటారు, గొంతు మీదే నిలబడ్డాయి. రెండో భాగం సంతోషంగా ఉంది, మంచిదే. కానీ అందులో గొంతుకి ఒక చోటు లేదు.

చోటు వల్ల నిజంగా తేడా వస్తుందా, లేక ఇదంతా నా ఊహా? దీనికి పరీక్ష కూడా బిగ్ థీఫే పెట్టింది. 2019లో వాళ్ళవి రెండు ఆల్బమ్‌లు వచ్చాయి, మేలో ‘యూ.ఎఫ్.ఓ.ఎఫ్.’, అక్టోబరులో ‘టూ హ్యాండ్స్’. వాయించిన నలుగురూ వాళ్ళే. నిర్మాత యాండ్రూ సార్లో, ఇంజినీరు డామ్ మంక్స్ రెండింటికీ వాళ్ళే. మొదటిది వాషింగ్టన్ రాష్ట్రంలో చెట్ల మధ్య, తడి నేలలో ఉన్న బేర్ క్రీక్ స్టూడియోలో చేశారు. అది అయిన కొద్దిరోజులకే టెక్సస్‌లో, మెక్సికో సరిహద్దు దగ్గర పెకాన్ తోటల మధ్య ఎడారి ఎండలో ఉండే సోనిక్ రాంచ్‌కి వెళ్ళి రెండోది చేశారు. వెనకా ముందూ పెట్టుకుని వినండి. మొదటిదాంట్లో గిటారు ఎక్కడ ఆగిందో, దాని ప్రతిధ్వని ఎక్కడ మొదలైందో చెప్పలేం. గొంతు పొగమంచులోంచి వస్తుంది, పాటల అంచులు కరిగిపోతాయి. రెండోదాంట్లో డ్రమ్ము దెబ్బ పడిన చోటే పడి ఉంటుంది, గొంతు మన ముఖం మీదే పాడుతుంది.

నిజం చెప్పాలంటే ఎడారి గాలి దానంతటదే పాటని పొడి చెయ్యదు. ఆ నేలని చూసి మనుషులు తీసుకున్న నిర్ణయాలు చేస్తాయి. ‘టూ హ్యాండ్స్’లో తరవాత అతికించినవి చాలా తక్కువ, రెండు పాటలు మినహా గొంతులన్నీ బ్యాండు వాయిస్తుండగానే పాడినవి. అందరూ ఒకే గదిలో వాయిస్తే గొంతు మైకులోకి డ్రమ్ములు, డ్రమ్ము మైకులోకి గిటారు కారిపోతాయి. ఒకరు తప్పు చేస్తే ఆ ఒక్కరిదే దిద్దడం కుదరదు, అందరూ మొదటికి రావాలి. ‘నాట్’ అనే ఆరు నిమిషాల పాటలో చివరి భాగమంతా ఎలక్ట్రిక్ గిటారు కేకలే. ఆ కేకల కింద బేసూ డ్రమ్ములూ ఎలా బిగుసుకుంటాయో, ఎలా దారి ఇస్తాయో వినండి. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తే తప్ప ఆ బిగింపు రాదు. రెండింట్లో ఏది గొప్ప అంటే నేను ‘టూ హ్యాండ్స్’ అంటాను. తడి అడవి ఉన్న ఆల్బమ్‌ని కాదని ఎడారిని ఎంచుకోవడం మా వైపు వాళ్ళకి వింతగా ఉండొచ్చు.

మొదట చెప్పిన 2022 ఆల్బమ్ ఈ పరీక్షనే నాలుగింతలు చేసింది. డ్రమ్ములు వాయించే జేమ్స్ క్రివ్‌చీనియా నిర్మాతగా కూర్చుని, నాలుగు చోట్లు, నలుగురు ఇంజినీర్లు అని పథకం వేశాడు: న్యూయార్క్ కొండలు, కాలిఫోర్నియాలోని టోపాంగా లోయ, కొలరాడో పర్వతాలు, అరిజోనాలోని టూసాన్. మొత్తం 45 పాటలు చేసి 20 ఎంచుకున్నారు. టూసాన్‌లో చేసిన ‘స్పడ్ ఇన్ఫినిటీ’లో లెంకర్ తమ్ముడు నోవా వాయించినది అచ్చం మన మోర్సింగే. ఇనుప చట్రాన్ని పళ్ళకి ఆనించి, నడిమి నాలుకని వేలితో మీటితే, ఆ కంపనంలోంచి ఏ స్వరం పైకి రావాలో నోటి లోపలి ఖాళీ నిర్ణయిస్తుంది. మన కచేరీల్లో అది మృదంగం వెంట ఒద్దికగా నడుస్తుంది. ఇక్కడ ఫిడేలు పక్కన గంతులేస్తుంది. కొలరాడోలో చేసిన ‘టైమ్ ఎస్కేపింగ్’లో తీగల నడుమ ఏవో దూర్చి మోత నొక్కేసిన గిటార్లు వాయించారు. తీగ మోగడం ఆగిపోయి దెబ్బ మాత్రమే మిగులుతుంది, గిటారే తాళవాద్యమైపోతుంది. ఇలా ఒక్కో చోట ఒక్కో బుద్ధి పుట్టింది. ఇరవై పాటల ఆల్బమ్ గంటా ఇరవై నిమిషాలు సాగినా విసుగు రాకపోవడానికి ఈ గదుల మార్పే కారణమని నా అభిప్రాయం. వరసగా వింటుంటే పాట మారినప్పుడల్లా చెవి చుట్టూ గోడలు కూడా మారతాయి.

లెంకర్ 2024 ఆల్బమ్ ‘బ్రైట్ ఫ్యూచర్’ కూడా అడవిలోని స్టూడియోలో వైన్‌రోబ్‌తోనే, టేపు మీదే చేసినది. పియానో, ఫిడేలు, గిటారు ఒకే గదిలో. మొదటి పాట ‘రియల్ హౌస్’లో పియానో అంత నెమ్మదిగా, అంత ఖాళీ వదిలి వాయించడానికి ఎంత ధైర్యం కావాలో వాయించేవాళ్ళకి తెలుస్తుంది. ఇక 2025 సెప్టెంబరులో వచ్చిన ‘డబుల్ ఇన్ఫినిటీ’ కోసం బిగ్ థీఫ్ అడవిని వదిలి న్యూయార్క్ నగరంలోని పవర్ స్టేషన్ స్టూడియోకి వెళ్ళింది. బేసు వాయించే మ్యాక్స్ ఒలియార్చిక్ వెళ్ళిపోయాక మిగిలిన ముగ్గురూ పెద్ద వాద్యబృందాన్ని, జిథర్ అనే తీగల వాయిద్యం వాయించే లరాజీని చుట్టూ కూర్చోబెట్టుకున్నారు. శ్రుతిపెట్టె మీద నడిచినట్టు పాటలన్నీ ఒకే నాదం మీద నడుస్తాయి. వినసొంపుగా ఉంది. కానీ అంతమంది కలిసి వాయిస్తే గదికి మాట్లాడే సందు దొరకలేదు.

ఈ ఇండీ చెట్టు కొమ్మ ఒకటి మన ముంగిట్లోకీ వచ్చింది, చాలామంది చూడలేదు. సిద్ శ్రీరామ్ గొంతు తెలియని ఆటో భద్రాచలంలో ఉండదు. ‘ఇంకేం ఇంకేం కావాలే’, ‘సామజవరగమన’, ‘శ్రీవల్లి’ బస్టాండు నుంచి కరకట్ట దాకా మోగినవే. ఆయనే 2023లో ‘సిద్ధార్థ్’ అనే ఇంగ్లీషు ఆల్బమ్ చేశాడు. నిర్మాత ర్యాన్ ఓల్సన్ అమెరికా మిడ్‌వెస్ట్ ఇండీ వాళ్ళలో పేరున్నవాడు, జస్టిన్ వెర్నన్ కూడా అందులో చెయ్యి వేశాడు. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చిన కర్ణాటక సంగీతం, కాలిఫోర్నియాలో పెరిగిన చెవి, రెండూ అందులో ఉన్నాయి. ఒక ఇంగ్లీషు అచ్చుని సాగదీసి దాని మీద గమకం వేసినప్పుడు, ఆ గమకం అలంకారంగా ఉండదు, మాటలోని బాధని మెలితిప్పుతుంది. సినిమా పాటలో ఆయన గొంతు ఎప్పుడూ పల్లకీ మీదే ఉంటుంది. ఇక్కడ మాత్రం దాన్ని కోసి, మడిచి, సింథసైజర్ల కింద తోసి, మళ్ళీ పైకి లాగారు. కొన్నిచోట్ల ఈ కోత ఎక్కువైంది, ఆ గొంతుని అలా వదిలేస్తే బాగుండేదనిపించింది. అయినా మన శ్రోతలు ఈ ఆల్బమ్‌ని పట్టించుకోకపోవడం అన్యాయం. ఇష్టమైన గొంతు ఇంకో గదిలో ఎలా ఉంటుందో వినే అవకాశం రోజూ రాదు.

ఇవన్నీ వింటూ వింటూ నేను ఆలోచించేది మా అడవి పాట గురించి. కోయవాళ్ళ కొమ్ముకోయ ఆటలో మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకల తలపాగాలు పెట్టుకుని, పొడవాటి డోళ్ళు మెడలో వేసుకుని తిరుగుతూ వాయిస్తారు. ఆడవాళ్ళు చేతులు కలుపుకుని రేలా పాటలు పాడతారు, ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథల్ని కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన పోయారు. ఇంత సంగీతం ఉన్న నేలలో ఫోన్లలో తిరిగేవి మాత్రం కీబోర్డు లూపుల మీద, గొంతుకి ఆటోట్యూన్ పూసి చేసిన పాటలు. డోలు కూడా కీబోర్డులోదే.

డోలు రికార్డు కాకపోవడానికి ఒక కారణం మన ఫోనే. డోలు అసలు నాదం చాలా కింది స్వరంలో ఉంటుంది. సెకనుకి 70 కంపనాల స్వరమైతే దాని ఒక్కో అల సుమారు ఐదు మీటర్ల పొడవు. వేలెడంత స్పీకరుకి అంత గాలిని నెట్టే శక్తి లేదు. ఫోన్‌లో వింటే నాదం పోయి, కర్ర తోలుకి తగిలిన టకటక మాత్రమే మిగులుతుంది. డోలు అంటే ఇంతే అనుకుంటారు, ఆ టకటకనే కీబోర్డులో వెతుక్కుంటారు. డోలుకి రెండు ముఖాలు. ఒకవైపు కర్ర పడితే లోపలి గాలి రెండో తోలుని తోస్తుంది. రెండో తోలు మీద అరచెయ్యి ఆనించి ఉంటే మోత ఆగిపోతుంది, ఎత్తితే సాగుతుంది. వాయించేవాడి పనితనమంతా ఆ అరచేతిలో ఉంది. ఒకే మైకు కర్ర వైపు పెట్టేస్తే అది వినిపించదు.

కొమ్ముకోయ వృత్తంగా తిరిగే ఆట కాబట్టి ఒక్కో డోలూ మైకు దగ్గరికి వచ్చి దూరం జరుగుతుంది. ఏ మామూలు ఇంజినీరైనా దీన్ని ఇబ్బంది అనుకుని అందర్నీ ఒకచోట నిలబెట్టేస్తాడు. వైన్‌రోబ్ అయితే బొమ్మ తలని వృత్తం నడిమధ్య పెడతాడు. అప్పుడు ఇయర్‌ఫోన్లలో డోళ్ళు మన చుట్టూనే తిరుగుతాయి, అడుగులు మట్టి మీద పడటం వినిపిస్తుంది, రేలా వరస ఒక చెవి నుంచి ఇంకో చెవికి జరుగుతుంది. ఇంకో మైకు వృత్తానికి బయట, మూడు నాలుగు మీటర్ల అవతల, డోళ్ళన్నీ కలిసి వినిపించే చోట. ఈ పని ఊళ్ళో ఆరుబయలులోనే చెయ్యాలి, ఇప్ప చెట్లూ మద్ది చెట్లూ ఉన్నచోట, ఎందుకంటే నాలుగు గోడల మధ్య పెడితే అన్ని డోళ్ళ మోత కలిసి మూలల్లో పేరుకుని దెబ్బ దెబ్బకీ ఉన్న తేడా పోతుంది. కథ చెప్పే గాయకుడికి మాత్రం విడిగా ఒక మైకు ఇవ్వాలి, నోటికి జానెడు దూరం దాటనివ్వకూడదు. డోలు కింద హల్లులు నలిగిపోతే కోయ మాటలు అర్థం కావు, కథ అందదు.